రాయి ముందు ఎవరు నిలబడాలి? గ్రహాల మీద ఫీల్డ్ జియాలజీ: రోబోలు, మనుషులు

క్లుప్తంగా: అపోలో 17 వ్యోమగాములు చంద్రుడి మీద మూడు రోజుల్లో బండి నడిపినంత దూరం వెళ్ళడానికి అంగారకుడి మీద క్యూరియాసిటీ రోవర్‌కి పదమూడేళ్ళు పట్టింది. అలాగని రోవర్లు దండగ అనలేం. వాటి మీదున్న పరికరాలు అపోలో వ్యోమగాముల చేతిలో లేవు, వాటికున్న ఓపిక ఏ మనిషికీ ఉండదు. అసలు తేడా, రాయిని చూడటానికీ దాని గురించి నిర్ణయం తీసుకోవడానికీ మధ్య ఎంత సమయం పోతుందనే దగ్గర ఉంది. 'మనిషా, రోబోనా' అన్న పాత చర్చను ఈ వ్యాసం ఆ వైపు నుంచి పరిశీలిస్తుంది.

చక్రం కింద నలిగిన రాయి

2024 మే 30న క్యూరియాసిటీ పంపిన ఫొటోల్లో ఒక పగిలిన రాయి కనిపించింది. రోవర్ దాని మీంచి వెళ్ళింది. దాదాపు 900 కిలోల బండి చక్రం కింద పడి చితికిన ఆ రాయి లోపల పసుపుపచ్చటి స్ఫటికాలు ఉన్నాయి. పరీక్షిస్తే అది స్వచ్ఛమైన గంధకం అని తేలింది. అంగారకుడి మీద గంధకం ఉందని అంతకు ముందే తెలుసు కానీ, అదంతా సల్ఫేట్ల రూపంలో, ఇతర మూలకాలతో కలిసిపోయి ఉన్నది. విడిగా గంధకం కనిపించడం అదే మొదటిసారి. తీరా చుట్టూ చూస్తే అలాంటి రాళ్ళే నేలంతా పరుచుకుని ఉన్నాయి.

ఆ రాయిని పగలగొట్టమని భూమి మీద నుంచి ఎవరూ ఆదేశం ఇవ్వలేదు. అక్కడ ఒక జియాలజిస్టు ఉండి ఉంటే సుత్తి తీసి చేసే మొదటి పనే అది. రాయి పైపొర ఎండకీ గాలికీ ధూళికీ మారిపోయి ఉంటుంది కాబట్టి, లోపలి తాజా ముఖం చూడకుండా దాని పేరు చెప్పకూడదని జియాలజీ విద్యార్థులకి మొదటి ఏడాదిలోనే నేర్పుతారు. పన్నెండేళ్ళుగా ఆ గ్రహం మీద తిరుగుతున్న యంత్రానికి ఈ పని అనుకోకుండా జరిగింది. రోబోలతో జియాలజీ చేయడంలోని బలం, బలహీనత రెండూ ఈ ఒక్క సంఘటనలో ఉన్నాయి. చక్రం రాయిని పగలగొట్టింది అదృష్టవశాత్తు. కానీ పగిలినదాన్ని గుర్తించి, అది ఏమిటో తేల్చింది మాత్రం రోవర్ మీదున్న పరికరాలూ, భూమి మీద కూర్చుని ఆ ఫొటోలు చూసిన మనుషులూ.

ఫీల్డ్‌లో చేసే పని ఏమిటి?

ఫీల్డ్ జియాలజీ అంటే రాళ్ళు ఏరుకుని రావడం అనుకుంటారు చాలామంది. రాళ్ళు ఏరడం అందులో చివరి పని. ఏ పొర మీద ఏ పొర ఉంది, ఒక రకం రాయి ఎక్కడ ఆగి ఇంకో రకం ఎక్కడ మొదలైంది, పొరలు ఎటు వాలి ఉన్నాయి, పగులు ముందు వచ్చిందా, అందులోకి చొరబడిన లావా ముందు వచ్చిందా లాంటి ప్రశ్నలకి నడుస్తూ జవాబులు వెతకాలి. పొద్దున ఒక ఊహతో బయలుదేరతారు. మధ్యాహ్నానికి ఎదురైన రాయి ఆ ఊహను కొట్టేస్తుంది. సాయంత్రానికి దారి మార్చుకుంటారు. ఎక్కడి నుంచి తెచ్చారో, ఏ పొరలోదో తెలియని రాయి ప్రయోగశాలలో సగం విలువే చేస్తుంది.

కడప జిల్లా వేంపల్లె ప్రాంతపు డోలమైట్ రాళ్ళు దీనికి మంచి ఉదాహరణ. వాటిలో స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. సుమారు 190 కోట్ల ఏళ్ళ కిందట లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవుల చాపలు ఒకదాని మీద ఒకటి పేరుకుని మిగిల్చిన ఆనవాళ్ళు అవి. పక్క నుంచి చూస్తే కోసిన ఉల్లిపాయలా వంపు తిరిగిన పొరలు. పైనుంచి చూస్తే గుండ్రటి చారలు. ఒక్క ముఖమే చూసినవాళ్ళు వాటిని ఒత్తిడికి మడతలు పడ్డ మామూలు రాయి అనుకునే వీలుంది. అదే పొరపాటు అటునుంచి ఇటు కూడా జరుగుతుంది.

గ్రీన్‌లాండ్‌లోని ఇసువా ప్రాంతంలో 370 కోట్ల ఏళ్ళ నాటి స్ట్రోమటోలైట్లు దొరికాయని 2016లో అలెన్ నట్మన్ బృందం ప్రకటించింది. నిజమైతే భూమి మీద జీవానికి అత్యంత పాత సాక్ష్యాల్లో అదొకటి అయ్యేది. 2018లో అబిగైల్ ఆల్‌వుడ్ బృందం అక్కడికే వెళ్ళి అదే రాయిని ఇంకో ముఖం నుంచి చూసింది. ముందు నుంచి శంకువుల్లా కనిపించినవి పక్కకి వెళ్ళి చూస్తే పొడవాటి గట్లుగా సాగిపోయాయి. అవి సూక్ష్మజీవుల పని కాదని, రాయి నొక్కుకుపోయి అలా మారిందని ఆమె వాదన. మనుషులు వెళ్ళి, చేత్తో తడిమి, ముక్క కోసి తెచ్చుకున్న రాయి మీదే ఇంత తగాదా ఉంది. ఈ ఆల్‌వుడ్ గారే అంగారకుడి మీదున్న పర్సెవరెన్స్ రోవర్‌లోని పిక్సల్ అనే ఎక్స్‌రే పరికరానికి ప్రధాన శాస్త్రవేత్త. అంగారకుడి మీద జీవం ఆనవాళ్ళ గురించి ఆ బృందం అంత ఆచితూచి మాట్లాడటం వెనక ఇలాంటి అనుభవాలు ఉన్నాయి.

పైలట్లని జియాలజిస్టులుగా మార్చిన కాలం

వేరే లోకంలో మనుషులు ఫీల్డ్ జియాలజీ చేసింది ఇప్పటివరకు ఒక్క చోటే, చంద్రుడి మీద, 1969 నుంచి 1972 దాకా ఆరుసార్లు. వెళ్ళిన పన్నెండుమందిలో పదకొండుమంది పైలట్లు. వాళ్ళలో చాలామందికి మొదట్లో రాళ్ళంటే ఏ ఆసక్తీ లేదు. అమెరికా జియలాజికల్ సర్వేలో యూజిన్ షూమేకర్ నెలకొల్పిన విభాగం, కాల్‌టెక్ ప్రొఫెసర్ లీ సిల్వర్ లాంటివాళ్ళు వాళ్ళని ఎడారులకీ అగ్నిపర్వత ప్రాంతాలకీ తిప్పి తర్ఫీదు ఇచ్చారు. అరిజోనాలో ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర అగ్నిపర్వత బూడిద పరుచుకున్న మైదానంలో పేలుడు పదార్థాలతో గోతులు పేల్చి, చంద్రుడి మీది బిలాల ఫొటోకి నకలు తయారు చేశారు. వ్యోమగాములు అందులో తిరుగుతూ తాము చూసినదాన్ని రేడియోలో వర్ణించాలి. కనిపించని గుడారంలో కూర్చున్న జియాలజిస్టులు ఆ మాటలు విని మ్యాప్ గీయాలి. మ్యాప్ తప్పితే మళ్ళీ మొదటికి. చంద్రుడి మీద ఉన్నప్పుడు హూస్టన్‌లోని సైన్స్ బ్యాక్‌రూమ్ (నియంత్రణ కేంద్రం వెనక గదిలో కూర్చున్న జియాలజిస్టుల బృందం) చేసిన పని కూడా ఇదే.

ఆ తర్ఫీదు ఫలితం అపోలో 15లో బయటపడింది. 1971 జులై ఆఖరులో హ్యాడ్లీ లోయ దగ్గర దిగిన డేవ్ స్కాట్, జిమ్ ఇర్విన్ పెద్ద బిలాలు, లోయ అంచు, కొండ చరియ చూసుకుంటూ పోయారు. ఒకచోట స్కాట్‌కి బుడగల గుంతలున్న నల్లటి బసాల్ట్ రాయి (గట్టిపడిన లావా) కంటపడింది. షెడ్యూల్‌లో అక్కడ ఆగడానికి సమయం లేదు, అడిగితే ఒప్పుకోరు. సీటు బెల్టు సర్దుకోవాలని చెప్పి బండి ఆపాడు. ఇర్విన్ మాటలతో హూస్టన్‌ని కాలక్షేపం చేస్తుంటే స్కాట్ దిగి రాయి తీసుకుని ఎక్కాడు. ఆ నమూనాకి 'సీటు బెల్టు బసాల్ట్' అన్న పేరు ఉండిపోయింది. అదే ప్రయాణంలో వాళ్ళు స్పర్ అనే బిలం అంచున మట్టి దిమ్మ మీద కూర్చున్న తెల్లటి రాయిని చూసి, అది అనార్థోసైట్ అనే లేత రంగు శిల అని అక్కడికక్కడే గుర్తుపట్టారు. 400 కోట్ల ఏళ్ళకి పైబడిన ఆ 'జెనెసిస్ రాక్', చంద్రుడు పుట్టిన కొత్తలో గట్టిపడిన తొలి పైపొరకి చెందినది. పైలట్ చదువు చదివిన మనిషి దూరం నుంచి స్ఫటికాల మెరుపు చూసి ఆ పేరు చెప్పగలిగాడంటే గురువులు గట్టివాళ్ళే.

అపోలో 16 పాఠం దీనికి భిన్నంగా ఉంటుంది, బహుశా ఇంకా ముఖ్యమైనది కూడా. డెకార్ట్ పీఠభూమి అగ్నిపర్వతాల వల్ల ఏర్పడిందని ఫొటోలు చూసి నిపుణులు గట్టిగా నమ్మారు. 1972 ఏప్రిల్‌లో జాన్ యంగ్, చార్లీ డ్యూక్ అక్కడ దిగి లావా రాళ్ళ కోసం చూశారు. దొరకలేదు. ఎక్కడ చూసినా బ్రెక్షియాలే, అంటే ఉల్కలు గుద్దిన దెబ్బకి పగిలి, ముక్కలన్నీ మళ్ళీ అతుక్కున్న రాళ్ళు. కక్ష్య నుంచి తీసిన ఫొటోల మీద కట్టిన సిద్ధాంతం కాలు పెట్టగానే కూలిపోయింది. నేల మీదున్న ఇద్దరికీ ఆ సంగతి అర్థమవడానికి నెలలు పట్టలేదు.

అపోలో 17లో వెళ్ళిన హారిసన్ ష్మిట్ ఒక్కడే వృత్తిరీత్యా జియాలజిస్టు. 1972 డిసెంబరులో షార్టీ బిలం అంచున బూట్ల కింద నారింజ రంగు మట్టిని చూసి ఉలిక్కిపడ్డాడు. అగ్నిపర్వత వాయువులు తుప్పు పట్టించిన మట్టి అని, అంటే చంద్రుడి మీద ఇటీవలి కాలపు అగ్నిపర్వతం అని మొదటి అనుమానం. అక్కడ గడపడానికి అరగంట సేపే ఉంది. ఆ అరగంటలో గాడి తవ్వి, రెండు పక్కలా నమూనాలు తీసి, గొట్టం దింపి లోతు పొరలు పట్టుకున్నారు. భూమికి తెచ్చాక చూస్తే అవి సుమారు 360 కోట్ల ఏళ్ళ కిందట లావా ఫౌంటెన్‌లా చిమ్మినప్పుడు గట్టిపడిన గాజు పూసలు. షార్టీ కూడా అగ్నిపర్వత బిలం కాదు, ఉల్కాబిలమే. ఆ అనుమానం తప్పింది. కానీ అరగంటలో పద్ధతి ప్రకారం నమూనాలు తీసి ఉండకపోతే ఆ తప్పు తేలేదే కాదు. చంద్రుడి మీద నీటి చుక్క లేదని నమ్ముతున్న రోజుల్లో, 2008లో, అపోలో తెచ్చిన ఈ తరహా గాజు పూసల్లోనే నీటి ఆనవాళ్ళు బయటపడ్డాయి.

అపోలో వైభవం చెప్పేటప్పుడు దాని ఇరుకు కూడా చెప్పాలి. బండి పాడైతే నడిచి, దిగిన నౌక దగ్గరికి తిరిగి రాగలిగినంత దూరమే వెళ్ళాలన్నది నియమం. ఆక్సిజన్ అందులో ప్రతి నిమిషాన్నీ కొలిచేది. గాలి నింపిన గ్లోవ్స్‌లో పిడికిలి బిగించడమే వ్యాయామంలా ఉండి చేతులు నొప్పులు పుట్టేవి. రాపిడి కాగితంలాంటి ధూళి సూట్ల జాయింట్లలోకి, ముక్కుల్లోకి దూరింది. అపోలో 17 మొత్తం మీద ముగ్గురు రాకెట్ ఎక్కితే, ఇద్దరు నేల మీద నడిచినది మూడు విడతల్లో 22 గంటలు. భూమి మీద ఏ జియాలజిస్టూ ఒక లోయని 22 గంటల్లో పూర్తిగా చదివానని చెప్పడు.

రోవర్ రోజు ఎలా గడుస్తుంది?

చంద్రుడికి రేడియో సంకేతం వెళ్ళడానికి ఒకటిన్నర సెకను కూడా పట్టదు. అంగారకుడికి, ఆ గ్రహం ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి, ఒకవైపే 3 నుంచి 22 నిమిషాలు. అందుకే అక్కడి రోవర్‌ని జాయ్‌స్టిక్‌తో నడపలేం. అయితే ఆలస్యానికి అసలు కారణం కాంతి వేగం అనుకుంటే పొరపాటు. కాంతి వేగం ఒక్కటే అడ్డయితే రోజుకి ఇరవై ముప్పై సార్లు అటూ ఇటూ మాట్లాడుకోవచ్చు. నిజానికి జరిగేది ఒక్కసారి.

రోవర్ పగలంతా పని చేసి, సాయంత్రం తలమీంచి వెళ్ళే కక్ష్యా నౌకకి ఫొటోలు, లెక్కలు అప్పగిస్తుంది. అది వాటిని భూమికి పంపుతుంది. కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో, ఇతర దేశాల్లో తమ తమ ఊళ్ళ నుంచి శాస్త్రవేత్తలు వాటిని చూస్తారు. ఏ రాయి దగ్గరికి వెళ్ళాలి, ఏ పరికరానికి ఎంత కరెంటు ఇవ్వాలి అని వాదించుకుంటారు. ఇంజనీర్లు ఆ కోరికలని ఆదేశాలుగా రాసి, కంప్యూటర్‌లో నడిపి చూసి, రోవర్‌కి తెల్లవారే సమయానికి పంపుతారు. చూడటం, ఆలోచించడం, చేయడం అనే ఒక్క చక్రం తిరగడానికి ఒక రోజు. అంగారకుడి రోజు మన రోజు కన్నా సుమారు 40 నిమిషాలు ఎక్కువ కాబట్టి రెండు గడియారాలూ జారిపోతూ ఉంటాయి. అవి కలవని వారాల్లో రోజు విడిచి రోజే కొత్త ప్లాన్ వెళ్తుంది. దిగిన కొత్తలో మూడు నెలలపాటు బృందాలు అంగారకుడి టైమ్ ప్రకారమే నిద్రపోతాయి, ఇంట్లో పిల్లల స్కూలు టైమ్ ఏదైనా సరే. రెండేళ్ళకోసారి సూర్యుడు అడ్డం వచ్చినప్పుడు దాదాపు రెండు వారాలు ఆదేశాలే పంపరు.

ఒక రాయిలో డ్రిల్ చేయాలంటే ఈ చక్రాలు చాలానే కావాలి. దగ్గరికి వెళ్ళాలి, చేయి చాచి తాకాలి, ధూళి దులపాలి, రాయి కదలదని పరీక్షించుకోవాలి, తవ్వాలి, పొడిని లోపలి ప్రయోగశాలకి అందించాలి. వారం అంటే త్వరగా అయినట్టే. మనిషి సుత్తితో ఒక్క దెబ్బ వేసి, ముక్కని వెలుతురులో తిప్పి చూసి, ఇది కాదని పారేసి ఇంకోటి తీసుకుంటాడు. ఆ పారేయడమే రోవర్లకి చాలా ఖరీదైన పని. అంగారకుడి మీద అంతకు ముందు తిరిగిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్ల ప్రధాన శాస్త్రవేత్త స్టీవ్ స్క్వైర్స్, రోవర్ బాగా పని చేసిన ఒక రోజులో పూర్తి చేసేదాన్ని మనిషి నిమిషంలోపే చేసేస్తాడని ఒప్పుకున్నాడు. జీవితంలో మంచి భాగం రోవర్లకే ధారపోసిన మనిషి మాట కాబట్టి దానికి విలువ ఎక్కువ.

దూరాలు కూడా అదే చెబుతాయి. అపోలో 17 బండి మూడు రోజుల్లో సుమారు 35 కిలోమీటర్లు తిరిగింది. క్యూరియాసిటీ 2012 ఆగస్టు నుంచి 2025 ఆగస్టు దాకా తిరిగింది కూడా దాదాపు అంతే. ఇంతవరకు రికార్డు ఆపర్చునిటీది: 14 ఏళ్ళు పైబడి 45 కిలోమీటర్లు.

రోవర్లకి ఉన్నదీ, మనిషికి లేనిదీ

ఇక్కడితో ఆపితే తీర్పు ఏకపక్షంగా ఉంటుంది. అపోలో వ్యోమగామి చేతిలో ఉన్నవి సుత్తి, పార, పొడవాటి పటకారు, గొట్టాలు, కెమెరా. రాయిలో ఏముందో తెలియాలంటే భూమికి తేవాల్సిందే. క్యూరియాసిటీ 7 మీటర్ల దూరం నుంచే లేజర్ కొట్టి, రాయి ఆవిరైన మెరుపు నుంచి మూలకాలని చదువుతుంది. రాతి పొడి మీద ఎక్స్‌రే ప్రసరింపజేసి ఖనిజాల పేర్లు చెబుతుంది. దాన్ని వేడి చేసి కర్బన అణువుల కోసం వెతుకుతుంది. 2016 నుంచి లేజర్ కొట్టాల్సిన రాళ్ళలో కొన్నింటిని అదే సొంతంగా ఎంచుకుంటోంది కూడా.

రెండోది ఓపిక. క్యూరియాసిటీ దిగిన గేల్ బిలం మధ్యలో 5 కిలోమీటర్ల ఎత్తున్న షార్ప్ కొండ అడుగున బంకమట్టి ఖనిజాలున్న పొరలు, పైన సల్ఫేట్ పొరలు. తడిగా ఉన్న కాలం నుంచి ఎండిపోయిన కాలం దాకా అంగారకుడి చరిత్ర పేజీలు వరుసగా ఉన్నట్టు. క్యూరియాసిటీ పదేళ్ళకి పైగా ఆ మెట్లు ఒక్కొక్కటీ ఎక్కుతోంది. పొర పొరా కొలుచుకుంటూ పైకి పోవడం ఫీల్డ్ జియాలజీలో అతి పాత పద్ధతి, అచ్చంగా నిదానమైన పని. కొన్ని రోజుల కోసం దిగే వ్యోమగామికి అది కుదరదు.

మూడోది, మనిషి అడుగు పెట్టలేని చోట్లు. శుక్రుడి నేల మీద వేడి 460 డిగ్రీల సెల్సియస్ పైచిలుకు, ఒత్తిడి భూమి మీదకన్నా 90 రెట్లు. 1982లో సోవియట్ వెనెరా 13 అక్కడ 127 నిమిషాలు బతికి, రంగు ఫొటోలు తీసి, నేల తవ్వి రాయి రసాయన స్వభావం కొలిచింది. శుక్రుడి మీద ఫీల్డ్ జియాలజీ అంటే ఈనాటికీ అలాంటి గంటల లెక్కే.

ఊహలు తలకిందులయ్యే సుఖం కూడా రోవర్లకి దక్కింది. 2021 ఫిబ్రవరి 18న పర్సెవరెన్స్ దిగిన జెజెరో అనే బిలం ఒకప్పటి సరస్సు. నేల మీద సరస్సు అడుగు మట్టి గట్టిపడిన రాళ్ళు ఉంటాయని చాలామంది ఎదురుచూశారు. దొరికినవి అగ్నిశిలలు, అంటే కరిగిన శిలాద్రవం చల్లారి గట్టిపడిన రాళ్ళు. అపోలో 16కి జరిగింది తారుమారుగా మళ్ళీ జరిగింది: అక్కడ లావా అనుకుంటే లేదు, ఇక్కడ బురదరాయి అనుకుంటే లావా.

కానీ రోవర్ల పెద్ద ఆవిష్కరణల్లో ప్రమాదాల వాటా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. స్పిరిట్ ముందు చక్రం 2006లో పట్టేసింది. తిరగని చక్రాన్ని ఈడ్చుకుంటూ వెనక్కి నడుస్తుంటే 2007లో దాని గాడిలో తెల్లటి మట్టి బయటపడింది. అది 90 శాతం సిలికా. వేడినీటి ఊటల్లోనో, ఆవిరి రంధ్రాల దగ్గరో ఏర్పడే పదార్థం. చక్రం బాగుంటే దాని మీంచే సాఫీగా వెళ్ళిపోయేది. ఆపర్చునిటీ 2004లో గాలి సంచుల మీద దొర్లుతూ వెళ్ళి పడింది 22 మీటర్ల చిన్న బిలంలో, ఎదురుగా పొరలుపొరలుగా రాయి. అదృష్టాన్ని చిన్నచూపు చూడాల్సిన పని లేదు కానీ, రాయిని పగలగొట్టడం, నేలని గీరడం లాంటి చవకైన పనులు ఇంత ఫలితం ఇస్తున్నప్పుడు వాటిని అదృష్టానికి వదిలేయడం ఎందుకన్న ప్రశ్న మిగులుతుంది. తర్వాతి రోవర్లకి లేజర్ల కన్నా ముందు మంచి సుత్తి కావాలనే వాదన వినడానికి మోటుగా ఉన్నా, కొట్టిపారేయలేనిది.

ప్రజ్ఞాన్ నడిచిన వంద మీటర్లు

చంద్రయాన్-3 ఈ చర్చలో చిన్నదైనా చక్కటి ఉదాహరణ. శ్రీహరికోట నుంచి వెళ్ళి 2023 ఆగస్టు 23న సుమారు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర దిగింది. 26 కిలోల ప్రజ్ఞాన్ రోవర్ పది రోజుల్లో వంద మీటర్ల పైచిలుకు నడిచింది. ఆగస్టు 27న 3 మీటర్ల ముందు 4 మీటర్ల బిలం కనిపిస్తే వెనక్కి తిప్పి వేరే దారిలో పంపారు. దారిలో 23 చోట్ల ఆగి మట్టిలోని మూలకాలని కొలిచింది.

ఆ కొలతల విలువ తెలియాలంటే అపోలో 11 దగ్గరికి వెళ్ళాలి. ఆ యాత్ర తెచ్చిన మట్టిలో చిన్న చిన్న తెల్లటి అనార్థోసైట్ ముక్కలు కనిపించాయి. వాటిని చూసే, చంద్రుడు మొదట్లో కరిగిన శిలాద్రవపు సముద్రంలా ఉండేదని, తేలికైన స్ఫటికాలు మీగడలా పైకి తేలి గట్టిపడ్డాయని 1970లో ఊహించారు. అప్పటి నమూనాలన్నీ మధ్య అక్షాంశాల లోపలివి. 2024 ఆగస్టులో వెలువడిన ప్రజ్ఞాన్ ఫలితాలు దక్షిణాన అంత దూరంలోనూ అదే తరహా పదార్థం ఉందని చూపించాయి. మనుషులు తెచ్చిన రాళ్ళతో పుట్టిన సిద్ధాంతాన్ని, వాళ్ళు వెళ్ళని చోట ఓ చిన్న రోబో పరీక్షించింది. ఒకరు ప్రశ్న లేవనెత్తితే ఇంకొకరు దాన్ని విస్తరించడం ఈ రంగంలో పనులు నిజంగా సాగే తీరు.

రాళ్ళని ఇంటికి తేవడం

అపోలో ఆరు యాత్రలు తెచ్చినవి 382 కిలోలు. 1970ల్లో సోవియట్ లూనా రోబోలు మూడు యాత్రల్లో తెచ్చినవి మూడొందల గ్రాముల పైచిలుకు. అంకెలు చూస్తే పోలికే లేదు. కానీ 2020లో చైనా చాంగే-5 తెచ్చిన 1,731 గ్రాములు 200 కోట్ల ఏళ్ళ నాటి బసాల్ట్‌ని చూపించి, చంద్రుడి అగ్నిపర్వతాలు అనుకున్నదానికన్నా చాలా ఆలస్యంగా చల్లారాయని తేల్చాయి. 2024లో చాంగే-6 మనకి కనిపించని అవతలి వైపు నుంచి తొలిసారి నమూనాలు తెచ్చింది. ఎక్కడికి వెళ్ళాలో కక్ష్య నుంచి బాగా తెలిసి, అడిగే ప్రశ్న ఒక్కటే అయినప్పుడు రోబో దూకి, పిడికెడు పట్టుకుని వస్తే సరిపోతుంది. ఏ రాయి కావాలో అక్కడికి వెళ్తేగానీ తెలియనప్పుడు సరిపోదు. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం రూ. 2,104 కోట్లతో ఆమోదించిన చంద్రయాన్-4 మొదటి రకానికి చెందినది.

అంగారకుడిది రెండో రకం సమస్య. పర్సెవరెన్స్ తన సన్నటి గొట్టాల్లో రాతి నమూనాలు నింపుకుంటోంది. 2021 ఆగస్టులో మొదటి ప్రయత్నంలో రాయి పొడిపొడి అయిపోయి గొట్టం ఖాళీగా మిగిలింది. తర్వాత నుంచి పని గాడిన పడింది. వాటిని తెచ్చే పథకానికి 1,100 కోట్ల డాలర్ల దాకా అవుతుందని, అయినా 2040 లోపు రావని 2024 ఏప్రిల్‌లో నాసా అధిపతే చెప్పారు. మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వం బడ్జెట్ ప్రతిపాదనలో ఆ పథకాన్ని ఆపేయాలని కోరింది. చైనా తియాన్‌వెన్-3 ని 2028 ప్రాంతంలో పంపి 2031 నాటికి నమూనాలు తేవాలని చూస్తోంది. అది ఎక్కువ దూరం తిరగకుండా దిగిన చోటు నుంచే తెచ్చే పథకం.

నీడల్లో నడక

మనుషులు మళ్ళీ చంద్రుడి మీదకి వెళ్తే, నాసా ఆర్టెమిస్ కార్యక్రమం గురి పెట్టింది దక్షిణ ధ్రువం. అపోలో అనుభవం అక్కడ సగమే పనికొస్తుంది. సూర్యుడు ఎప్పుడూ దిగంతాన్ని అంటుకునే ఉంటాడు కాబట్టి చిన్న రాయికి కూడా పొడవాటి నీడ. ఎదురుగా చూస్తే కళ్ళు చెదిరే వెలుగు, పక్కకి చూస్తే కాటుక చీకటి. రాయి రంగు, స్ఫటికాల మెరుపు చూసి గుర్తుపట్టే విద్య అక్కడ తడబడుతుంది. ఎన్నడూ ఎండ తగలని బిలాల్లో మంచు ఉండవచ్చు. కానీ నమూనాని చలి తగ్గకుండా భూమికి తేవడం విడిగా ఒక తలనొప్పి.

అందుకే అరిజోనాలో అపోలో తర్ఫీదు జరిగిన ప్రాంతంలోనే 2022లో, 2024లో నాసా రాత్రిపూట కసరత్తు చేసింది. చీకట్లో దూరంగా ఒక శక్తివంతమైన దీపం పెట్టి ధ్రువపు సూర్యుడిని అనుకరించారు. 2024 మేలో వ్యోమగాములు కేట్ రూబిన్స్, ఆండ్రే డగ్లస్ నమూనా సూట్లు వేసుకుని లావా మైదానంలో నడిచారు. హూస్టన్‌లో ఒక సైన్స్ బృందం వాళ్ళ మాటలు విని దారి మార్చింది. యాభై ఏళ్ళ కిందటి బ్యాక్‌రూమ్ పద్ధతే, తెరలు మాత్రం ఎక్కువ. యూరప్ అంతరిక్ష సంస్థ కూడా తన వ్యోమగాములని జర్మనీలోని రీస్ ఉల్కాబిలానికీ, లాంజరోటె దీవి లావా గుహలకీ పంపి ఇదే నేర్పుతోంది.

మధ్యలో ఒక దారి

అంగారకుడి విషయంలో ఇంకో అడ్డు ఉంది. మనిషి ఒంటి మీద, లోపల లెక్కలేనన్ని సూక్ష్మజీవులు. రోవర్‌ని వేడి చేసి శుద్ధి చేయొచ్చు, మనిషిని చేయలేం. నీరు ఉండే అవకాశం ఉన్న చోట్లకి మనిషి వెళ్తే, రేపు కనబడిన జీవం అక్కడిదా, మనం తీసుకెళ్ళిందా అన్న అనుమానం తీరదు. జీవం కోసం వెతకడానికి మనిషి ఎక్కడ ఎక్కువ అవసరమో, సరిగ్గా అక్కడికే వెళ్ళకూడదు.

దీనికి కొందరు సూచించే దారి, మనిషి గ్రహం చుట్టూ కక్ష్యలో ఉండి కింద రోవర్‌ని చేత్తో నడపడం. నిర్ణయం తీసుకునే మెదడు సెకనులోపు దూరంలో ఉంటుంది, కాలు మాత్రం నేల మీద పడదు. 2013లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి కాలిఫోర్నియాలోని రోవర్‌ని నడిపారు. 2019లో జియాలజీ తర్ఫీదు పొందిన లూకా పార్మిటానో అక్కడి నుంచే నెదర్లాండ్స్‌లోని రోవర్ చేతిని కదిపి, రాళ్ళు ఎంచి, భూమి మీది శాస్త్రవేత్తలతో వాదించాడు. చేతికి రాయి బరువు, గట్టిదనం తెలిసేలా ఆ నియంత్రణ పరికరం తిరిగి స్పర్శను అందించింది. ఇందులో ఖర్చు తక్కువేమీ కాదు. మనుషుల్ని అంగారకుడి దాకా తీసుకెళ్ళి కిందికి దించకుండా తేవడం రాజకీయంగా ఎవరికీ రుచించకపోవచ్చు కూడా.

శని ఉపగ్రహం టైటాన్ దగ్గర ఈ మధ్యదారి కూడా లేదు. 2028లో బయలుదేరి 2034లో అక్కడికి చేరాల్సిన డ్రాగన్‌ఫ్లై అనే ఎగిరే యంత్రానికి ఒక ఆదేశం చేరాలంటేనే గంట పైన. ఎక్కడ దిగితే క్షేమమో అది సొంతంగా తేల్చుకోవాలి.

అంగారకుడి మీద ప్రస్తుతానికి అందరి చూపూ ఒకే రాయి మీద ఉంది. 2024 జులైలో జెజెరోకి నీళ్ళు తెచ్చిన పాత నది లోయలో పర్సెవరెన్స్‌కి 'చెయావా ఫాల్స్' అనే రాయి ఎదురైంది. దాని మీద చిరుతపులి మచ్చల్లాంటి చుక్కలు, వాటిలో ఇనుము, ఫాస్ఫరస్, గంధకం ఉన్న ఖనిజాలు. భూమి మీద బురదలో సూక్ష్మజీవులు అలాంటి ఖనిజాలని తయారు చేస్తాయి, జీవం లేకుండానూ అవి ఏర్పడగలవు. 2025 సెప్టెంబరులో వెలువడిన పరిశోధనాపత్రం దాన్ని 'జీవానికి సంకేతం కావచ్చు' అన్నంత వరకే చెప్పి ఆగింది. ఆల్‌వుడ్ గ్రీన్‌లాండ్‌లో చేసినట్టు రాయి అటుపక్కకి వెళ్ళి చూసేవాళ్ళు అక్కడ లేరు. దాని నుంచి తీసిన నమూనా ఒక గొట్టంలో సీలు వేసి రోవర్ లోపలే ఉంది. దాన్ని తీసుకురావడానికి వెళ్ళే వాహనం ఇంకా తయారు కాలేదు.